ఇమాము గజాలీ: పీఠమును విడిచిన ప్రధానాచార్యుడు

ఒక పాఠశాల యెంత గొప్పదని యెవరైన నడిగినప్పుడు మనము సామాన్యముగా దాని భవనములను చూపుదుము. విద్యార్థుల సంఖ్యను చెప్పుదుము. పరీక్షలలో నుత్తీర్ణులైనవారి పట్టికను ముందుంచుదుము. ఇవన్నియు నవసరమైనవే. కాని యా పాఠశాలను నడపువాని హృదయ మెట్టిది యను ప్రశ్నను మనము తఱచుగా నడుగము. తొమ్మిది వందల సంవత్సరములకు పూర్వము ఇస్లాము లోకమునందు మిక్కిలి ప్రఖ్యాతి గాంచిన యొక మదరసాకు ప్రధానాచార్యుడై యుండిన మహావిద్వాంసు డొకడు ఆ ప్రశ్నను తన్ను తానే యడిగికొని, వచ్చిన జవాబునకు భయపడి, పీఠమును విడిచి పోయెను. ఆయన పేరు అబూ హామిదు ముహమ్మదు గజాలీ. ఆయన చరిత్రము విద్యార్థులకును, ఉపాధ్యాయులకును, తమ బిడ్డలను బడికి పంపు తల్లిదండ్రులకును గూడ తెలిసికొనదగినది.

గజాలీ 1058వ సంవత్సరమున ఖురాసాను దేశమందలి తూసు పట్టణమున జన్మించెను. ఆ ప్రదేశము నేటి ఇరాను దేశమున మష్హదు నగరమునకు సమీపమున నున్నది. జాషువ కవిగారి కావ్యము మూలమున ఆంధ్రులకు సుపరిచితుడైన ఫిరదౌసి మహాకవిదియు నా తూసు ప్రాంతమే. గజాలీ తండ్రి ఉన్ని వడికి యమ్ముకొని జీవించెడి పేదవాడనియు, తాను విశేషముగా చదువుకొనకపోయినను పండితుల గోష్ఠులకు పోయి వినుటయందు మిక్కిలి ప్రీతి గలవాడనియు పూర్వులు వ్రాసియున్నారు. మరణకాలము సమీపించినప్పుడు ఆయన తన యిద్దరు కుమారులగు ముహమ్మదును, అహమ్మదును సూఫీయగు నొక మిత్రునకు అప్పగించి, తనకు గల కొద్దిపాటి ధనమును వారి చదువునకై యిచ్చి కన్ను మూసెను. ఆ ధనము కొంతకాలమునకే వ్యయమైపోయెను. మిత్రుడును బీదవాడే. అందుచేత నతడు బాలురను పిలిచి, మదరసాలో చేరినచో విద్యతోపాటు భోజనమును లభించునని చెప్పి, వారి నచ్చటికి పంపెను. ఇట్లు గజాలీ తొలుత మదరసాలో నడుగు పెట్టినది జ్ఞానాపేక్షచేత గాదు, కడుపు నింపుకొనుటకు. పెద్దవాడైన తరువాత నాయన యీ విషయమును దాచలేదు. తాము దేవుని కొఱకు గాక వేఱొక ప్రయోజనమునకై విద్య నారంభించితిమనియు, కాని యా విద్యయే తమ్ము దేవుని వైపునకు త్రిప్పినదనియు చెప్పుకొనెడివాడట.

ఆయన బాల్యమును గూర్చి యొక కథ ప్రచారమందున్నది. గజాలీ జుర్జాను పట్టణమునకు పోయి యచ్చట చదువుకొని, గురువు చెప్పిన పాఠములనన్నింటిని కాగితములపై వ్రాసికొని స్వగ్రామమునకు మరలి వచ్చుచుండెను. త్రోవలో దొంగలు పడి యందఱి సొత్తును దోచుకొనిరి. గజాలీ ప్రాణభయమును లక్ష్యపెట్టక దొంగల నాయకుని వెంటబడి, తక్కిన దేదియు వలదనియు, ఆ కాగితముల మూటను మాత్ర మిప్పింపుమనియు, తన విద్య యంతయు నందే యున్నదనియు ప్రాధేయపడెను. నాయకుడు పకపక నవ్వి, కాగితములు పోయినంతనే పోవు విద్యను తన విద్యయని చెప్పుకొనుట యెట్లు చెల్లునని యడిగి, మూటను తిరిగి యిప్పించెను. దొంగ యాడిన మాట గజాలీ గుండెలో నాటుకొనెను. ఆయన తూసు చేరి మూడేండ్లు శ్రమించి యా పాఠములనన్నింటిని కంఠస్థము చేసెనట.

పిదప నాయన నిషాపూరు నగరమునకు పోయి, ఆ కాలమున ధర్మశాస్త్రమునందును దైవతత్త్వమునందును అద్వితీయుడని పేరు పొందిన జువైనీ యను గురువునొద్ద శిష్యుడుగా చేరెను. మక్కా మదీనా పుణ్యక్షేత్రములలో కొంతకాలము బోధించినందున జువైనీకి రెండు పవిత్రస్థలముల ఇమామను బిరుదు కలిగెను. గజాలీ యచ్చట శిష్యుడుగా నుండియే తోడి విద్యార్థులకు పాఠములు చెప్పునంతటి వాడయ్యెను. 1085వ సంవత్సరమున గురువు మరణించునప్పటికి శిష్యుని పేరు దేశమంతట వ్యాపించెను.

ఆ కాలపు మదరసా యెట్లుండెనో యించుక చెప్పవలెను. ధనవంతులును, మంత్రులును తమ భూములను, అంగళ్లను శాశ్వతముగా ధర్మమునకు వ్రాసి యిచ్చెడివారు. దీనినే వక్ఫు అందురు. దాని యాదాయముతో మదరసా భవనమును కాపాడుచు, ఆచార్యునకు జీతమును, విద్యార్థులకు వసతి భోజనములను ఏర్పాటు చేసెడివారు. ముఖ్యముగా బోధింపబడునది ధర్మశాస్త్రము. ప్రధానాచార్యుడు పీఠముపై గూర్చుండి పాఠము చెప్పగా, సహాయకు డొకడు దానిని తిరిగి విద్యార్థులకు వల్లె వేయించుచుండెను. మదరసాకు పేరు వచ్చుటయు పోవుటయు నా పీఠముపై గూర్చున్న యొక్క మనుష్యునిపై నాధారపడి యుండెను.

సెల్జూకు సుల్తానులకు మంత్రియైన నిజాముల్ముల్కు ఇట్టి మదరసాలను అనేక పట్టణములలో కట్టించెను. వానికి నిజామియా మదరసాలని పేరు. బాగ్దాదు నిజామియా 1067వ సంవత్సరమున ప్రారంభింపబడెను. దాని ప్రారంభదినమున జరిగిన సంగతి యొకటి చెప్పుకొనదగినది. ప్రథమాచార్యుడుగా నియమింపబడిన అబూ ఇస్హాకు షీరాజీ యను పండితుని కొఱకు జనులందఱు కూడి కనిపెట్టుకొని యుండిరి, ఆయన రాలేదు. ఆ కట్టడమునకై యితరుల సొత్తు అన్యాయముగా తీసికొనబడెనను మాట వినబడుటయే దానికి కారణము. కొన్ని దినములు వేఱొకరు పాఠము చెప్పిన తరువాత గాని షీరాజీ యా పీఠము నెక్కుట కొప్పుకొనలేదు. కాగా ఆ పీఠమునకు మొదటినుండియు నొక ప్రశ్న అంటియే యుండెను: ఇది ధర్మమైన స్థానమేనా? తరువాతి కాలమున గజాలీ యా ప్రశ్ననే మఱింత లోతుగా నడిగెను.

1091వ సంవత్సరమున నిజాముల్ముల్కు గజాలీని బాగ్దాదు నిజామియాకు ప్రధానాచార్యునిగా నియమించెను. అప్పటికాయన వయస్సు ముప్పది మూడేండ్లు మాత్రమే. తన యొద్ద మూడు వందలమంది శిష్యులు చదువుకొనుచుండిరని యాయనయే వ్రాసికొనెను. వృద్ధులైన పండితులు సైతము వచ్చి యాయన పాఠములను వినిరి. ఖలీఫా సభలో నాయనకు గౌరవస్థానము లభించెను. మంచి వస్త్రములును, వాహనమును, బిరుదములును గలిగెను. ధర్మసంశయములను తీర్చుటకు దూరదేశములనుండి యాయనకు లేఖలు వచ్చుచుండెను. పేదవాని కుమారుడై, అన్నమునకై మదరసా గడప త్రొక్కిన బాలుడు ఇప్పుడు లోకమంతయు తలయెత్తి చూచు పీఠముపై గూర్చుండెను. ఇంతకన్న కోరదగిన దేమున్నది?

అయిన నా వైభవము క్రింద భూమి కదలుచుండెను. 1092వ సంవత్సరమున నిజాముల్ముల్కు హంతకుని కత్తికి గుఱియయ్యెను. కొలది వారములలోనే సుల్తాను మలిక్షాయు మరణించెను. రాజ్యమున వారసుల కలహములు చెలరేగెను. గజాలీ మాత్రము పాఠములు మానలేదు. తీరిక సమయములందు గ్రీకు తత్త్వశాస్త్రమును తానే చదివి గ్రహించి, తత్త్వవేత్తల వాదములలోని దోషములను చూపుచు గొప్ప గ్రంథమును రచించెను. కాని యితరుల వాదములను పరీక్షించిన యా కన్ను తుదకు తనమీదనే పడెను.

తాను నిత్యము బోధించు శాస్త్రము పరలోకమునకు త్రోవ చూపునదియేనా? లేక పదవులకును వాదములలో గెలుపునకును మాత్ర ముపయోగపడునదా? తాను బోధించుచున్నది దేవుని ప్రీతికొఱకా, కీర్తికొఱకా? ఈ ప్రశ్నలు వేసికొని చూడగా, తన్ను పీఠమునందు కూర్చుండబెట్టినది పేరుప్రతిష్ఠలపై గల యాశయేయని యాయనకు తోచెను. 1095వ సంవత్సరమున సుమా రాఱు మాసములపాటు ఆయన మనస్సు రెండు వైపులకు లాగబడెను. ఒక దినమున విడిచిపోవుటకు నిశ్చయించుకొనును; మఱునాడు మానుకొనును. ఒక పాదము ముందునకు, ఒక పాదము వెనుకకు. ఇంతలో నొక వింత జరిగెను. ఒకనాడు శిష్యుల సంతోషముకొఱకైన నొక్క పాఠము చెప్పవలెనని పీఠముపై గూర్చుండగా నాలుక కదలలేదు. మాట రాదయ్యెను. అన్నము గొంతు దిగదయ్యెను, శరీరము క్షీణించెను. వైద్యులు చూచి, యిది హృదయమునుండి పుట్టిన వ్యాధియనియు, మనస్సునకు నెమ్మది కలిగిన గాని మందులు పనిచేయవనియు చెప్పి వెడలిపోయిరి.

ఆ సంవత్సరము నవంబరు మాసమున గజాలీ బాగ్దాదు విడిచెను. తన సంసారపోషణమునకు వలసినంత మాత్ర ముంచుకొని తక్కిన ధనమును పంచిపెట్టెను. మదరసాలో పాఠములు చెప్పుభారమును తమ్ముడైన అహమ్మదు వహించెను. ఖలీఫాయు, మిత్రులును అడ్డుపడుదురను భయముచేత తాను మక్కాకు పోవుచున్నానని చెప్పి, నిజమునకు సిరియా దేశమునకు ప్రయాణమయ్యెను. ఈ సంగతిని గూడ నాయన దాపఱికము లేక తన యాత్మకథలో వ్రాసెను. పండితులలో నొక్కరికి నాయన పోకకు కారణము బోధపడలేదు. అంతటి పదవిని భక్తికొఱకు విడుచువాడుండునని వారు నమ్మజాలకపోయిరి. కొందఱు రాజభయమనిరి; కొందఱు ఇస్లామునకు దిష్టి తగిలినదనిరి.

దమస్కు నగరమున నాయన పెద్ద మసీదునందలి యొక మినారు నెక్కి, తలుపు మూసికొని, పగలెల్ల ధ్యానమున గడపుచుండెను. ఒకనాడు ఆ నగరములోని యొక మదరసాకు పోగా నచ్చటి యుపాధ్యాయుడు గజాలీ యిట్లు చెప్పెనని తన పేరునే యుదాహరించి పాఠము చెప్పుచుండెననియు, తనలో మరల గర్వము మొలకెత్తునేమో యని భయపడి యాయన యా నగరమును విడిచెననియు నొక కథ గలదు. దమస్కునుండి యెరూషలేమునకును, అచ్చటినుండి హెబ్రోనునందలి అబ్రాహాము సమాధికిని పోయెను. 1096వ సంవత్సరమున నా సమాధియొద్ద మూడు ప్రతిజ్ఞలు చేసెను. రాజుల కొలువునకు పోగూడదు. రాజుల ధనమును పుచ్చుకొనగూడదు. కీర్తికై బహిరంగవాదములు చేయగూడదు. తన్ను చెఱచినవి యీ మూడేయని యాయన గుర్తించెను. పిదప మక్కాయాత్రను ముగించుకొని, తుదకు సొంత యూరు చేరెను.

ఈ యేకాంతకాలముననే యాయన తన మహాగ్రంథమును రచించెను. ధర్మవిద్యల పునరుజ్జీవనమను నర్థమిచ్చు పేరుగల యా గ్రంథమున నలువది ప్రకరణములున్నవి. వానిలో మొట్టమొదటిది విద్యను గూర్చినదే. పీఠమును విడిచినవాడు బడిని మఱచిపోలేదని దీనివలన తెలియుచున్నది. ఉపాధ్యాయుని విధుల నందు వరుసగా చెప్పెను. శిష్యుని కన్నబిడ్డవలె చూడవలెను. బోధించితినని శిష్యుని తనకు ఋణపడినవానిగా భావింపగూడదు. ఒక మెట్టు గట్టిపడక మునుపు పై మెట్టునకు పోనీయగూడదు. తప్పు చేసిన బాలుని పదిమందిలో నిందింపక, చాటుమాటగా, దయతో దిద్దవలెను. ఒక శాస్త్రము చెప్పువాడు వేఱొక శాస్త్రమును శిష్యుల యెదుట చులకన చేయగూడదు. శిష్యుని బుద్ధికి మించినది చెప్పి వానిని బెదరగొట్టగూడదు. మందబుద్ధికి తెలియునట్టిది చెప్పుటయేగాక, నీకు చెప్పని గొప్ప విషయములింకను కలవని వాని మనస్సును చిన్నబుచ్చగూడదు. అన్నిటికన్న ముఖ్యముగా, ఉపాధ్యాయుని నడవడి యాయన మాటను కాదనగూడదు.

తన కాలపు మదరసాలయందలి లోపమును గూడ నాయన నిర్భయముగా చూపెను. అనేక పట్టణములలో ముస్లిములలో వైద్యుడే దొరకక, అన్యమతస్థులగు వైద్యులే యుండిరట. అయినను విద్యార్థులందఱు గుంపులుగా ధర్మశాస్త్రమునకే పరుగెత్తుచుండిరి. ఏలయన, వైద్యము చదివినవానికి న్యాయాధిపతి పదవి రాదు. వక్ఫుల యాజమాన్యము రాదు. అనాథుల యాస్తిపై పెత్తనము రాదు. ప్రజల యవసరమును గాక పదవుల లాభమును చూచి విద్య నెన్నుకొనుట గజాలీకి గొప్ప రోగముగా తోచెను. ఈ మాట నేటి తల్లిదండ్రులును ఒకసారి ఆలోచింపదగినది.

మన చిన్నవిద్యార్థులు సంతోషించు విషయ మింకొకటి యందున్నది. బాలుడు బడి విడిచిన పిమ్మట చక్కగా నాడుకొననీయవలెననియు, ఆట మాన్పించి యెల్లప్పుడు చదువుమని వేధించినచో వాని మనస్సు చచ్చి, బుద్ధి మొద్దువారి, చదువునుండి తప్పించుకొను నుపాయములనే వెదకుననియు నాయన వ్రాసెను. ఎంతో కఠినమైన జీవితమును గడపిన వైరాగ్యపరుడు బాలుర యాటను గూర్చి యింత దయతో వ్రాయుట గమనింపదగినది.

పదునొకండు సంవత్సరములు గడచెను. 1106వ సంవత్సరమున నిజాముల్ముల్కు కుమారుడు ఫఖ్రుల్ముల్కు ఖురాసానున మంత్రియై యుండి, నిషాపూరు నిజామియాలో పాఠములు చెప్పుమని గజాలీని గట్టిగా కోరెను. తాను చదువుకొన్న మదరసా. తన గురువు కూర్చున్న పీఠము. గజాలీ చాల సందేహించెను. జనులు ధర్మమార్గమునుండి తొలగుచుండగా తాను విశ్రాంతికొఱకు ఇల్లు వెడలకుండుట సోమరితనము కాదా యని తన్ను తాను ప్రశ్నించుకొనెను, భక్తులైన మిత్రుల యాలోచన నడిగెను, తుదకు వెళ్లెను. చూచువారికి పాత యాచార్యుడే పాత పనికి తిరిగి వచ్చినట్లు కనబడెను. కాని తాను తిరిగి రాలేదని యాయన యభిప్రాయము. మునుపు తాను చెప్పినది పదవిని సంపాదించు విద్య. ఇప్పుడు చెప్పునది పదవి నాసింపకుండ చేయు విద్య. పీఠమొక్కటే, కూర్చున్నవాడు వేఱు. అచ్చటను శత్రువులు లేకపోలేదు. ఖురాసాను నేలుచుండిన సంజరు నొద్ద కొందఱు ఆయనపై నేరములు చెప్పిరి. ఆయన సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను.

కొన్నియేండ్లు నిషాపూరున బోధించి గజాలీ మరల తూసు చేరెను. తన యింటి ప్రక్కనే విద్యార్థులకొక చిన్న మదరసాను, సూఫీలకొక ఖానఖాను ఏర్పఱచుకొని, తన కాలమును వారికి పంచియిచ్చుచుండెను. అప్పుడు బాగ్దాదు నిజామియా పీఠమునకు రమ్మని మరల పిలుపు వచ్చెను. పదునైదేండ్ల క్రిందట విడిచిన యా పీఠమే! గజాలీ వినయముతో నిరాకరించెను. తూసులో తన్ను నమ్మి నూట యేబదిమంది విద్యార్థులు చదువుకొనుచున్నారనియు, వారిని విడుచుట గాని అంతదూరము తీసికొనిపోవుట గాని సాధ్యము కాదనియు, అబ్రాహాము సమాధియొద్ద చేసిన ప్రతిజ్ఞలను బాగ్దాదులో నిలుపుకొనుట కష్టమనియు తెలియజేసెను. ఒకనాడు మూడు వందలమందిని విడిచిపోయినవాడు నేడు నూట యేబదిమందిని విడువనొల్లడయ్యెను. ఆయన జీవితమున కలిగిన మార్పు ఈ యొక్క నిరాకరణమునందే స్పష్టముగా కనబడుచున్నది.

1111వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీని, సోమవారమునాటి తెల్లవారుజామున, గజాలీ ప్రార్థన ముగించుకొని, తన ప్రేతవస్త్రమును తెప్పించి, దానిని ముద్దు పెట్టుకొని, కన్నులపై నుంచుకొని, పండుకొని ప్రాణము విడిచెనని తమ్ముడు అహమ్మదు చెప్పెనందురు. అప్పటి కాయనకు ఏబది మూడేండ్లు. ఆయన గ్రంథ మొకటి పండ్రెండవ శతాబ్దముననే లాటిను భాషలోనికి మార్చబడి ఐరోపా పండితులకును తెలిసెను.

గజాలీయందు లోపములు లేవని మన మనము. తత్త్వవేత్తల మతములలో మూడింటిని నమ్మువారిని మతబాహ్యులని తీర్పు చెప్పుటయందు ఆయన మిక్కిలి కఠినుడయ్యెను. తరువాత నిబ్ను రుష్దు ఆయన వాదములను ఖండించుచు గొప్ప గ్రంథమును వ్రాసెను. మూడు వందలమంది శిష్యులను విడిచి, పోవుచోటు వేఱుగా చెప్పి పోవుటయు నందఱును మెచ్చుకొను పని కాదు. కాని తన దోషమును లోకులెవ్వరును కనిపెట్టక మునుపే తాను కనిపెట్టి, దానికి తగిన వెలను తానే చెల్లించిన ప్రధానాచార్యు లెందఱు?

విద్యార్థులారా! పదవి మనుష్యుని గొప్పవానిని చేయదు. పదవిలేనప్పుడును చేయదగిన పనిని గుర్తించినవాడే గొప్పవాడు. మీరును ముందుముందు తరగతి నాయకులగుదురు, ఉపాధ్యాయులగుదురు, పాఠశాలల నడుపువారగుదురు. అప్పుడు పదిమంది మెచ్చుకొనుచుండగా ఒకసారి యేకాంతమున కూర్చుండి, ఈ పని నేనెవరికొఱకు చేయుచున్నానని మిమ్మును మీరే యడిగికొనుడు. జవాబు మంచిదైనచో ధైర్యముతో పని సాగింపుడు. కానిచో పదవిని విడుచుటకంటె మునుపు మనస్సును మార్చుకొన యత్నింపుడు. రెండును సాధ్యము కానప్పుడు తూసు పట్టణమునందలి యా చిన్న మదరసాను జ్ఞాపకము చేసికొనుడు.